ఎనిమిది దెబ్బల ఖాళీ

పెళ్ళిలో పంతులుగారి చెయ్యి పైకి లేస్తే గట్టిమేళం మోగాలి. తాళి కట్టే ఆ కాసేపూ ఒక తుమ్ము గానీ, ఒక చెడు మాట గానీ, పసిబిడ్డ ఏడుపు గానీ ఎవరి చెవినా పడకుండా మేళం వాళ్ళు చప్పుడుతో కప్పెయ్యాలి. ఇంతవరకూ పెళ్ళికి వెళ్ళిన ప్రతివాళ్ళకీ తెలుసు. తెలియని సంగతి ఒకటుంది. ఆ చెయ్యి లేచేసరికి సన్నాయి వాయించేవాడు ఏదో ఒక రాగం మధ్యలో ఉంటాడు. బాగా కుదిరిన చోట, ఇంకో రెండు మలుపులు, మేం సంగతులనేవి, పడితే వాడి కడుపు నిండే చోట ఉంటాడు. దాన్ని అక్కడికక్కడ తెంపుకోవాలి. మా పనిలో నాకు అన్నిటికంటే ఆలస్యంగా పట్టుబడిన విద్య అదే.

నేర్పింది మా చిన్నాయన. మేం దూదేకులవాళ్ళం. పేర్లు సాయిబుల పేర్లు, ఇంట్లో మాట తెలుగు, తరాలుగా కూడు పెట్టింది గుళ్ళో మేళం. మా నాయనది సన్నాయి, ఆయన తమ్ముడిది డోలు. నాకు తొమ్మిదో ఏడు నడుస్తుండగా నాయన పోయాడు. నలభై రోజులు గడిచాక చిన్నాయన ఆయన సన్నాయిని గుడ్డలోంచి తీసి నా ఒళ్ళో పెట్టి, ఎదురుగా డోలు పెట్టుకుని కూర్చున్నాడు. సన్నాయి ఊదడం ఆయనకు రాదు. కీర్తనలన్నీ నోటితో పాడి చెప్పాడు. నేను తప్పు వాయిస్తే డోలు మీద ఒక్క దెబ్బ కొట్టి ఆపేవాడు.

"కన్నేమో పంతులు చేతి మీద ఉండాల. చెవేమో నా డోలు మీద ఉండాల. నోరంటావా, అది దానంతటదే పోద్ది" అనేవాడు.

ఇరవై ఏళ్ళ పైన ఇద్దరం జోడుగా తిరిగాం. ఆయన ఎడం చేతిలో పుల్ల లేచిందంటే నేను ఊపిరి ఎక్కడ తీసుకోవాలో నాకు తెలిసిపోయేది. నేను ఎక్కడ ఆగబోతున్నానో ఆయనకు నాకంటే ముందే తెలిసేది. మాటలు పెద్దగా ఉండేవి కావు. బస్సులో పక్కపక్కన కూర్చుని నరసరావుపేట నుంచి మాచర్ల దాకా ఒక్క ముక్క మాట్లాడుకోకుండా పోయిన రోజులు చానా ఉన్నాయి. అది నాకు లోటనిపించలేదు.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో నేనేమీ అమాయకుణ్ణి కాదు. నన్నెవరూ మాయమాటలు చెప్పి తీసుకుపోలేదు. పెళ్ళిమంటపం పక్కన, చెప్పుల గుట్టకూ పూలబుట్టలకూ మధ్య చాప వేసి మమ్మల్ని కూర్చోబెడతారు. అందరి భోజనాలూ అయ్యాక, "మేళం వాళ్ళు తిన్నారా?" అని ఎవరికో గుర్తొస్తుంది. ఒక్కోసారి రాదు. ముప్పై దాటాక నాకు ఆ చాప మీద కంపరం పుట్టింది. వెలుగులో నిలబడాలనిపించింది. నిలబడినవాణ్ణి జనం తల పైకెత్తి చూస్తారు గదా, అది కావాలనిపించింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే కీబోర్డు మాస్టారు తగిలాడు. నరసరావుపేటలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాడు, ఆదివారం చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. మెత్తటి మనిషి. ఏదో తిరునాళ్ళలో నా వాయిద్యం విని, వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

"మన కీర్తనలకి బీట్ వేద్దాం సార్. పాడేవాళ్ళు వద్దు. మైకు పట్టుకుని మాట్లాడేవాళ్ళు వద్దు. పైన మీ సన్నాయి, కింద బీట్. కుర్రకారు లేచి డాన్సు చెయ్యాల, ముసలాళ్ళు కీర్తన గుర్తుపట్టి తల ఊపాల" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు భలే నచ్చింది. మూడో మనిషి వినుకొండ రోడ్డులో బైకుల షెడ్డు నడిపే మెకానిక్. మా దూదేకులవాడే, ఒకప్పుడు బ్యాండుసెట్టులో డ్రమ్ము కొట్టినవాడు. ఇప్పుడు ఎలక్ట్రిక్ ప్యాడ్ కొన్నాడు. ఇక నాలుగోది లాప్‌టాప్. మేం ముగ్గురం కలిసి చేసేదానికంటే అదొక్కటే ఎక్కువ చేసేది. గిటార్లు, వయొలిన్లు, తబలాలు, వందమంది కొట్టినట్టు వినిపించే చప్పట్లు, అన్నీ అందులోనే ఉండేవి. దాన్ని ట్రాక్ అనేవాళ్ళు. ఒకసారి నొక్కితే నాలుగు నిమిషాలు నడిచి అదే ఆగుతుంది.

"డోలు కూడా పెడదాం మాస్టారూ, మా చిన్నాయన ఉన్నాడు" అన్నాను మొదటిరోజే.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "పెద్దాయన బాగా కొడతాడు సార్, కాదన్ను. కాకపోతే డోలు ఉషారొస్తే తొందరపడుద్ది. లాప్‌టాప్ తొందరపడదు గదా."

ఆ సాయంత్రం చిన్నాయన ఇంటికి వెళ్ళాను. ఈ సీజనొక్కటే అన్నాను, తర్వాత మళ్ళీ మామూలే అన్నాను. ఆయన డోలు పట్టెడలు బిగిస్తున్నవాడు బిగిస్తూనే ఉన్నాడు. తల ఎత్తకుండానే, "ఏసీ హాళ్ళలో సన్నాయి పీక ఎండిపోద్దిరా. నీళ్ళ గ్లాసు పక్కన పెట్టుకో" అన్నాడు. అంతే. తిట్టి ఉంటే నాకు సులువుగా ఉండేది.

మాస్టారి స్కూలుకి ఎండాకాలం సెలవులు. పాత పుస్తకాలు పెట్టే గది ఒకటి మాకిచ్చారు. బయట లారీల చప్పుడు వినబడకుండా కిటికీకి హాస్టలు పరుపులు నిలబెట్టాం. ఫ్యాను తిరిగితే పెళ్ళివాళ్ళకి వినిపించడానికి చేసే రికార్డింగులో పడుతుందని ఆపేశాం. పల్నాడు మే నెలలో తలుపులు వేసుకుని, ఫ్యాను ఆపుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని సన్నాయి ఊదినవాడు నాకు ముందు ఎవడూ ఉండి ఉండడు. చెవిలో టిక్కు, టిక్కు, టిక్కు. దాని మీద పడాలి ప్రతి స్వరమూ. ముందు పడకూడదు, వెనక పడకూడదు.

"కొంచెం స్ట్రెయిట్‌గా పట్టండి సార్. ఊపితే కీబోర్డుతో కలవట్లేదు" అనేవాడు మాస్టారు.

కల్యాణిలో నాకు ప్రాణమైన చోటు ఒకటుంది. మధ్యమం మీద కూర్చుని, అటు పోవాలా ఇటు పోవాలా అని కాసేపు తటపటాయించే చోటు. చిన్నాయనతో వాయించినప్పుడు అక్కడే రెండు నిమిషాలు ఉండిపోయేవాణ్ణి. ఆయన చెయ్యి తేలిక చేసి, నన్ను వదిలేసేవాడు. ట్రాకులో ఆ చోటుకు మూడు టిక్కులు ఇచ్చారు. బస్సు కిటికీలోంచి సొంత ఊరు కనబడి వెళ్ళిపోయినట్టుండేది.

అలా తొమ్మిది కీర్తనలు, ఒక్కొక్కటి నాలుగు నిమిషాలు. ప్రతిదాంట్లోనూ మూడో నిమిషం దాటాక ఒక ఖాళీ. ట్రాకూ ప్యాడూ సన్నాయీ అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి, లైట్లు ఆరిపోతాయి, ఎనిమిది టిక్కులు నిశ్శబ్దం. ఆ టిక్కులు మా ముగ్గురి చెవుల్లోనే. తొమ్మిదోదానికి అన్నీ కలిసి రెట్టింపు జోరుతో విరుచుకుపడతాయి. జనం ఈలలు వేసేది అక్కడే. ఆ ఖాళీ మాస్టారు కనిపెట్టిందే. దాన్ని చూసుకుని ఆయనకు గర్వం. మొదట్లో నాకూ గర్వంగానే ఉండేది.

ముగ్గురికీ మెరుపుల కోట్లు కుట్టించాం. నా భార్య ఆ కోటులో ఫోటో తీసి ఫోనుకు వాల్‌పేపర్ పెట్టుకుంది. సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, మాచర్ల, అన్నిచోట్లా రిసెప్షన్లకి పిలిచారు. మా వీడియోలు వాట్సాప్ స్టేటస్సుల్లో తిరిగాయి. చెప్పుల గుట్ట పక్కన కూర్చున్న ఏ ఒక్క ఏడాదీ నన్ను గుర్తుపట్టని మనుషులు బజార్లో ఆపి సెల్ఫీ అడిగారు. ఆనందంగా లేదని అబద్ధం చెప్పను.

ఆ ఆనందం మూడు నాలుగు నెలలు నిలిచింది. తర్వాత ఊపిరాడకపోవడం మొదలైంది. ఎవరో గొంతు నొక్కారని కాదు. ట్రాక్ మొదలయ్యాక నాలుగు నిమిషాల దాకా ఎక్కడికీ పోవడానికి లేదు. ఎదురుగా ఎవరో ముసలాయన కళ్ళు మూసుకుని వింటుంటాడు, ఆయన కోసం ఆ చోట ఇంకాసేపు ఉందామనిపిస్తుంది. వీల్లేదు, టిక్కు పోతోంది. వాయిస్తూ వాయిస్తూ కొత్త సంగతి ఒకటి తోస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలి? చోటు లేదు. జనం చప్పట్లు నాకు వినబడవు, నా సన్నాయే నాకు సరిగా వినబడదు. చెవుల్లో టిక్కూ, కీబోర్డూ తప్ప ఇంకేమీ రాదు. అదే తొమ్మిది, అదే ఖాళీ, అదే ఈల. వదిలేద్దామంటే వచ్చే సీజన్ దాకా బుక్ అయిపోయి ఉన్నాం. మాస్టారి మొహం చూస్తే నోరు రాదు. ఆయనకు అది బిడ్డ లాంటిది.

చిన్నాయన చెప్పినట్టే రొంపిచర్లలో ఒక రిసెప్షన్లో ఏసీ గాలికి సన్నాయి మొనలో ఉండే రెల్లు పీక ఎండి, పాట మధ్యలో చీలిపోయింది. ఇంకో పీక తడిపి బిగించేదాకా రెండు నిమిషాలు కోటు వేసుకున్న దిష్టిబొమ్మలా నిలబడ్డాను. మాస్టారు కీబోర్డుతో సర్దాడు. "ఫర్వాలేదు సార్, ఇంకోసారి ఇట్టా జరగదు" అన్నాడు నాతో. పీక చీలడం ఆయన చేతుల్లో లేదు గదా, ఎందుకలా అన్నాడో నేను పట్టించుకోలేదు.

దాని తర్వాత ఐదు నెలలకి దాచేపల్లి పెళ్ళి.

పెళ్ళికూతురి తండ్రి సిమెంటు లారీల ఓనరు. మా గ్రూపు రిసెప్షన్‌కే కాదు, ముహూర్తానికీ కావాలన్నాడు. అప్పటిదాకా ముహూర్తానికి మేం ఎప్పుడూ వాయించలేదు. మాస్టారు పెళ్ళికార్డు ముందు పెట్టుకుని లెక్క వేశాడు.

"ముహూర్తం పది నలభై రెండు సార్. మనం పది ముప్పయ్యెనిమిదికి ట్రాక్ నొక్కితే నలభై రెండుకి అయిపోద్ది. అవ్వగానే గట్టిమేళం ఫైలు నొక్కుతా. సెకండు తేడా రాదు."

పెళ్ళికార్డు మీద అచ్చయిన నిమిషానికి తాళి కట్టిన పెళ్ళి నా జీవితంలో ఒక్కటి కూడా నేను చూడలేదు. పంతులుగారు ముందు కానిస్తే ముందు, వెనకైతే వెనక. గడియారం ఆయన చేతికి లోబడి ఉండాలి. ఈ సంగతి మాస్టారికి తెలియదు, ఆయన పెరిగింది చర్చి పెళ్ళిళ్ళలో. మెకానిక్కుకి తెలియదు, బ్యాండుసెట్టు ఊరేగింపుతోనే ఆగిపోయేది. ముగ్గురిలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. నోరు విప్పలేదు. ఆ పాటికి నేను దేనికీ నోరు విప్పడం మానేసి ఉన్నాను. సరే అన్నాను.

దానికి బదులుగా ఒకటి అడిగాను. మా చిన్నాయనకి కూడా ఆ పెళ్ళిలో పని ఇప్పించమన్నాను. ఏడాదిగా ఆయన సరైన జోడు లేక, ఒకసారి ఒకడితో, ఒకసారి ఇంకొకడితో తిరుగుతున్నాడు. మాస్టారు ఓనరుతో మాట్లాడాడు. గేటు దగ్గర కూర్చుని, వచ్చేవాళ్ళకి స్వాగతంగా డోలు కొట్టొచ్చన్నారు. ఫోను చేసి చెప్పాను.

"సన్నాయి లేకుండా డోలేందిరా?" అన్నాడు చిన్నాయన.

"నా కోసం రా చిన్నాయనా."

వచ్చాడు. ఉతికిన పంచె, తెల్ల చొక్కా, నుదుటికి పట్టిన చెమట. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పొద్దున ఎనిమిదింటి నుంచి ఒంటరిగా డోలు కొట్టాడు. పన్నీరు చల్లే ఆడపిల్లలు ఆయన పక్కనే నిలబడి ఫోటోలు దిగారు. నేను మెరుపుల కోటులో ఆయన ముందు నుంచే లోపలికి వెళ్ళాను. "తిన్నావా?" అని అడిగాడు. తిన్నానన్నాను. ఆయన్ని అడగడం మర్చిపోయాను.

పది ముప్పయ్యెనిమిదికి మాస్టారు ట్రాక్ నొక్కాడు. మోహనంలో కీర్తన. మాకు ఎదురుగా పెళ్ళిమంటపం, దాని వెనక ఎల్‌ఈడీ తెర మీద పంతులుగారి చేతులు మనిషంత పెద్దవిగా కనబడుతున్నాయి. నిమిషం గడిచింది. రెండో నిమిషం గడుస్తుండగా పంతులుగారు మంగళసూత్రం పళ్ళెంలోంచి తీసి పెళ్ళికొడుకు చేతికిచ్చాడు. ట్రాక్ ఇంకా సగం కాలేదు. మూడో నిమిషం నడుస్తుండగా ఆయన చెయ్యి లేచింది. తెర మీద కూడా లేచింది. ఆయన నోరు "గట్టిమేళం" అనడం కనబడుతోంది, వినబడడం లేదు. చెవిలో టిక్కు, టిక్కు.

మాస్టారి వైపు చూశాను. ఆయన లాప్‌టాప్‌లో తల పెట్టి, కానివ్వండి అన్నట్టు చెయ్యి ఊపాడు. ఆయన లెక్కలో ఇంకా సమయముంది.

అప్పుడు నాకు చిన్నప్పటి బుద్ధి వచ్చింది. తెంపుకోవాలి. సన్నాయి నోట్లోంచి తీసేశాను. ఒక చెవిలో ఇయర్‌ఫోను పీకేశాను.

సన్నాయి ఆగలేదు.

హాలంతా నా సన్నాయి మోగుతూనే ఉంది. మోహనమే, నా వేళ్ళే, నా ఊపిరే. పరుపులు నిలబెట్టిన ఆ గదిలో నేను ఊదింది, స్ట్రెయిట్‌గా, టిక్కు మీద టిక్కు. నేను సన్నాయి చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాను, నా సన్నాయి నేను లేకుండా పోతోంది. ముందు వరసలో ఒకావిడ నన్ను చూసి పక్కావిడకు చూపించి నవ్వింది. రొంపిచర్లలో మాస్టారన్న మాటకు అర్థం అప్పుడు తెలిసింది. పీక మళ్ళీ చీలినా తెలియకుండా నా రికార్డింగుని ట్రాకులోనే కలిపేశాడు, ఐదు నెలలుగా నా ఊదుడు కింద అది నడుస్తూనే ఉంది. ఇన్నాళ్ళూ జనం విన్నది నేనో, అదో నాకు తెలియదు.

అంతలో ఖాళీ వచ్చింది. అన్నీ ఆగిపోయాయి. మా మీది లైట్లు ఆరాయి. పెళ్ళికొడుకు చేతులు పెళ్ళికూతురి మెడ వెనక ఉన్నాయి, ముడి వేస్తున్నాడు. ఏ క్షణాన చీమ చిటుక్కుమన్న చప్పుడు కూడా జనానికి వినబడకూడదో, సరిగ్గా ఆ క్షణాన వెయ్యిమంది హాల్లో మేం నిశ్శబ్దం పరిచాం. పంతులుగారి చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది. ఆయన మొహం పాలిపోయింది.

తలుపు దగ్గర నుంచి డోలు మోగింది.

చిన్నాయన గేటు దగ్గర లేడు. ముహూర్తం దగ్గర పడిందని డోలు మెడకేసుకుని తలుపు దాకా వచ్చి నిలబడ్డాడు. ఎప్పటిలా కన్ను పంతులు చేతి మీద పెట్టి ఉంచాడు. మైకు లేదు, ఏమీ లేదు. ఒక్క డోలు ఆ హాలంతటినీ నింపింది. తోలు చిరిగిపోతుందేమో అన్నట్టు కొట్టాడు. అది గట్టిమేళమే, నా తొమ్మిదో ఏటి నుంచీ నన్ను పిలిచే పిలుపే. ఆయన నన్నే చూస్తున్నాడు. రా అంటున్నాడు.

సన్నాయి నోటి దగ్గరికి తీసుకున్నాను. రెండో చెవిలో టిక్కు ఇంకా నడుస్తోంది. ఆరు, ఏడు, ఎనిమిది.

తొమ్మిదోదానికి ట్రాక్ విరుచుకుపడింది, లైట్లు వెలిగాయి, డోలు అందులో మునిగిపోయింది. నా వేళ్ళు ట్రాక్‌తో పోయాయి. నేను పంపలేదు. ఏడాదిగా తొమ్మిదో టిక్కుకి అవి ఎక్కడ పడాలో అక్కడే పడ్డాయి. చిన్నాయన ఇంకో నాలుగు దెబ్బలు కొట్టి, ఆపి, పుల్ల దించుకున్నాడు. నేను పాట అయ్యేదాకా వాయించాను. సరిగ్గా పది నలభై రెండుకి అయిపోయింది. మాస్టారు చెప్పినట్టే సెకండు తేడా రాలేదు.

జనంలో చాలామందికి ఏమీ తెలియలేదు, అదంతా ముందే అనుకుని చేశామనుకున్నారు. అక్షింతలు పడ్డాయి. పెళ్ళికూతురి నాయనమ్మకి మాత్రం తెలిసింది. ఆమె కర్ర పట్టుకుని నెమ్మదిగా గేటు దాకా నడిచి, చిన్నాయన చేతిలో తాంబూలం పెట్టి, "నువ్వున్నావు గాబట్టి సరిపోయింది నాయనా" అంది. నేను వెనకాలే వెళ్ళినవాణ్ణి ఆగిపోయాను.

ఆమె వెళ్ళాక దగ్గరికి పోయి, "ఉండు చిన్నాయనా, కారులో పోదాం" అన్నాను.

"బస్సుంది లేరా" అన్నాడు. డోలుకి గుడ్డ చుడుతున్నాడు. ముడి వేశాక తల ఎత్తాడు. మొహంలో కోపం లేదు, నిజంగా తెలియక అడుగుతున్నట్టుంది.

"నేను పిలిత్తే పలకలేదేందిరా?"

నేను తిన్నగా లోపలికి పోయాను.

మాస్టారి మీద అరిచాను. అది దొంగతనమన్నాను. ఆయన నివ్వెరపోయాడు. "మీకు నామోషీ గాకుండా ఉండాలనే పెట్టా సార్" అన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. ముహూర్తం సంగతి తెలిసి నోరు మూసుకున్నవాణ్ణి నేను, ఆయన మీద అరవడానికి నాకేం హక్కుంది? ఒప్పుకున్నవన్నీ వాయించాం. తర్వాత మాస్టారికి వేరే జిల్లాలో హాస్టలు స్కూల్లో ఉద్యోగం వచ్చింది. మెకానిక్ ప్యాడ్ అమ్మేసి షెడ్డుకి కంప్రెసర్ కొన్నాడు. మొత్తం పద్నాలుగు నెలలు. వెళ్ళేముందు మాస్టారు మా తొమ్మిది ట్రాకులూ, నా సన్నాయితో సహా, నరసరావుపేటలో ఒక డీజేకి ఇచ్చిపోయాడు. ఊరికే పోకూడదని ఇచ్చాడట. డీజేల దగ్గర ఒక పాట ఒకళ్ళ దగ్గరే ఉండదు. నెల తిరక్కుండా పల్నాడంతా పాకింది.

చిన్నాయన నన్ను పిలవలేదు. నేను వెళ్తే టీ ఇప్పించేవాడు, పిల్లల్ని అడిగేవాడు. జోడు మాట ఎత్తితే, "చూద్దాంలే" అనేవాడు. ఆయన ఎదురుగా కూర్చుని మళ్ళీ వాయించే రోజు ఇక రాదేమోనని భయం పట్టుకుంది. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుని సాధన మొదలుపెట్టాను. కల్యాణి ఎత్తుకున్నాను. నా ఇష్టం, ఎంతసేపైనా ఉండొచ్చు. మధ్యమం దగ్గర కూర్చుందామనుకున్నాను. కూర్చోలేకపోయాను, మూడు లెక్కపెట్టేలోగా వేళ్ళు లేచిపోయాయి. రాగం అయిపోయాక గోడ గడియారం చూస్తే నాలుగు నిమిషాలు. మర్నాడు చూశాను, నాలుగు నిమిషాలే. చెవిలో ఏమీ పెట్టుకోకపోయినా టిక్కు వినబడుతూనే ఉంది. అన్నం తింటుంటే ఆ టిక్కుకే నములుతున్నానని నా భార్య చెప్పింది. నవ్వుతూ చెప్పింది గానీ నాకు ఏడుపొచ్చింది.

ఆరు నెలలు గడిచాక ఒక పొద్దున ఫోను మోగింది.

"ఎల్లుండి గురజాలలో పెళ్ళి. ముహూర్తం పగలే. వత్తావా?" అన్నాడు చిన్నాయన.

మళ్ళీ బస్సులో పక్కపక్కన కూర్చున్నాం. మాటల్లేవు. మళ్ళీ మంటపం పక్కన చాప, ఒక పక్క చెప్పులు, ఒక పక్క పూలబుట్టలు. ఆ చాప మీద కూర్చోగానే నా ఒళ్ళు తేలికపడింది. కాళ్ళు మడుచుకుని, పీక తడుపుకుని, శ్రుతి పెట్టె నొక్కాను. చిన్నాయన మెల్లగా చెయ్యి వేశాడు. మొదట తడబడ్డాను, ఆయన ఆగి నా కోసం చూశాడు. రెండోసారి కలిశాం. నా కన్ను పంతులుగారి చేతి మీదే ఉంది.

చెయ్యి లేచింది. రాగం తెంపేశాను. తెంపగలిగాను. చిన్నాయన పుల్ల లేచింది.

మా తల మీద స్పీకర్లు బద్దలయ్యేలా మోగాయి. హాలు రెండో పక్క కూర్చున్న డీజే, చెయ్యి చూడగానే తన వంతుగా ఒక ఫైలుని మధ్యలో జోరందుకునే చోటు నుంచి నొక్కాడు. మోహనం. మా చాప అదిరింది. పెళ్ళిపెద్ద ఒకాయన పరుగున వచ్చి, "మీరు ఆపండి, సౌండు కలిసిపోతంది" అని సైగ చేసి వెళ్ళాడు. మా ఇద్దరి చేతులూ ఆగిపోయాయి.

చిన్నాయన తల వంచి విన్నాడు. నా చెవి దగ్గరికి వంగాడు.

"ఎవుర్రా వాయించేది?"

"నేనే చిన్నాయనా."

"డోలు ఎవురిది?"

"డోలు లేదు. మిషను."

ఆయన ఇంకాసేపు విన్నాడు. నా వైపు చూసిన చూపులో జాలి ఉంది. దాచుకోలేదు.

"అయితే అందులో నువ్వొక్కడివే ఉన్నావురా" అన్నాడు.

ఖాళీ రాబోతోంది. నేను చెప్పలేదు. దాచేపల్లిలో ఒక్కసారి విన్నాడంతే, ఆయనకు గుర్తుంది. అన్నీ ఆగిపోయిన క్షణాన ఆయన పుల్ల పడింది. నేను సన్నాయి ఎత్తాను. ఒకటి నుంచి ఎనిమిది దాకా ఆయన పిలిచాడు, నేను పలికాను. ఆదితాళంలో సరిగ్గా ఒక ఆవర్తం. తాళి ముడి ఆ ఎనిమిది దెబ్బల్లోనే పడింది. ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి, నావి సరేసరి.

తొమ్మిదో దెబ్బకి ట్రాక్ తిరిగి వచ్చింది. మేమిద్దరం చేతులు దించుకున్నాం. చిన్నాయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఒళ్ళో డోలు మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. స్పీకర్లలో నేను ఒక్కణ్ణే, ఇంకో నిమిషం పాటు వాయిస్తూ ఉన్నాను.